మూడవ సాలారుజంగు – గంట గొట్టు బొమ్మ

హైదరాబాదు పాతనగరమున మూసీనది దక్షిణపుటొడ్డున నున్న సాలారుజంగు ప్రదర్శనశాలకు బోయిన బాలుడు అచ్చటి శిల్పములను మఱచిన మఱవవచ్చును గాని, వాద్యగడియారమును మాత్రము మఱవడు. గంట పూర్తి యగుటకు మూడు నిమిషములు ముందుగా అందలి చిన్న తలుపు తెఱచుకొని, గడ్డము గల బొమ్మ యొకటి వెలుపలికి వచ్చును. వేళ కాగానే ఎన్ని కొట్టవలయునో అన్ని కొట్టి మరల లోనికి బోవును. మఱియొక చోట కమ్మరి బొమ్మ యెడతెగక సుత్తి యాడించుచు సెకనుల నెంచుచుండును. ఈ బొమ్మ లెచ్చటివి? వీనిని సంచయమున నుంచుకొనిన ప్రభు వెట్టివాడు? చదువరులకు వినిపించ దలచిన చరిత్ర యిదియే.

నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889వ సంవత్సరము జూను 13వ తేదీన పూనా నగరమున జన్మించెను. ఆయన పితామహుడగు మీర్ తురాబ్ అలీఖాన్ 1853 మొదలు 1883 వఱకు నిజాము రాజ్యమునకు దివానుగా నుండి, మొదటి సాలారుజంగని ప్రఖ్యాతి గాంచెను. తండ్రి మీర్ లాయిక్ అలీఖాన్ రెండవ సాలారుజంగు. శిశువునకు నెల నిండక మునుపే తండ్రి పరలోకగతు డయ్యెను. తండ్రి మొగ మెఱుగని యా బిడ్డ ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ సంరక్షణమున బెరిగెను. ఇంట దాసదాసీజనమున కేమియు గొదువ లేదు. తండ్రి యొక్కడే లేడు. ఆయనకు వస్తువులపై గలిగిన ప్రేమకు ఇదియే మూలమని కొందఱందురు. మనుష్యుని హృదయమును అంత సులువుగా లెక్కగట్టుట నాకు సమ్మతము గాదు.

1912లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఈయనను దివానుగా నియమించెను. అప్పటికి వయస్సు ఇరువదిమూడేండ్లు. 1914లోనే ఆయన ఆ పదవిని విడిచెను. అటుపిమ్మట ముప్పదినాలుగేండ్లకు పైగా ఆయన కాలమును, జాగీరుల రాబడిలో జాలభాగమును వస్తుసంగ్రహణమునకే వినియోగ మయ్యెను. వివాహ మాడలేదు. దివాను దేవిడీ వాకిట దేశదేశముల వర్తకులు కాచుకొని యుండెడివారు; ఐరోపాఖండమునకు స్వయముగ బోయి కొనితెచ్చినవియు గలవు. పచ్చరాతి కత్తిపిడులు, పింగాణి, దంతపు పనులు, తివాచీలు, వ్రాతప్రతులు, గడియారములు, వీనితో బాటు పిల్లల బొమ్మలును. ఇంతటి ప్రభువు ఆటబొమ్మలను సైతము చులకనగా జూడకుండుటే నాకు మిక్కిలి ముచ్చట గొలుపును.

అయితే ఇందొక చిక్కు గలదు. అన్నియు ఆయన యొక్కడే కొనినవని జను లనుకొందురు. అది నిజము గాదు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన, మేలిముసుగు ధరించిన రెబెకా విగ్రహమును 1876లో రోమునగరమున గొనినవాడు పితామహుడు. మూడు తరముల సొత్తు ఒకే కప్పు క్రింద జేరినపుడు ఏది యెవరిదో వేఱుపఱచుట కష్టము. కొన్నింటికి వ్రాతయే సాక్ష్యము. యాకూత్ వ్రాసిన ఖురాను ప్రతిపై జహంగీరు, షాజహాను, ఔరంగజేబు చక్రవర్తుల చేవ్రాళ్లు గలవు. కొన్నింటికి వాడుకమాటయే ఆధారము. ఫ్రాన్సు రాజు పదునాఱవ లూయీ టిప్పు సుల్తానున కంపెనని చెప్పబడు దంతపు కుర్చీలను జూచునపుడు, ఆ చెప్పబడు అను మాటను కూడ మనము గమనింపవలయును.

మన గడియారము మాట కొంచెము వేఱు. దానిపై కుక్కు, కెల్వీ అను పేరులు గలవు. అది కలకత్తాలో 1858లో వెలసిన ఆంగ్లేయుల దుకాణము. కాబట్టి యిది కలకత్తా పని యని యొకరు, సీమపని యని యొకరు వాదింతురు. గడియారపు ముఖముపై నున్న పేరు చేసినవానిదే కానక్కఱలేదు. అమ్మినవాని పేరును వ్రాయించుకొనుట ఆ కాలమున సామాన్యము. ఇంగ్లండు నుండి భాగములు వచ్చినవనియు, వానిని కలకత్తాలో గూర్చిరనియు జెప్పుట గలదు. అట్లయిన నిరువురును గెలిచినట్లే. మూడువందల యేబదికి పైగా భాగములు గల యంత్రమిది. ఇట్టి వస్తువు నిజమైనదా కాదా యని చూడగోరువాడు మొగమును గాక వీపును జూడవలయును. మరలపై నరుగుదల సమముగ నున్నదా, క్రొత్త రంధ్రము లేమైన దొలిచిరా, రంగు క్రింద మఱియొక రంగు గలదా యను ప్రశ్నలే పేరుకంటె నెక్కువ జెప్పును.

యూసుఫ్ అలీఖాన్ పుట్టిన మఱుసటియేడు, అనగా 1890లో, అమెరికాలో ఎడిసన్ పండితుడు మాటలాడు బొమ్మను విక్రయించెను. లోహపు కడుపులో చిన్న ఫోనోగ్రాఫు, దానిపై మైనపు చుట్ట, వీపున త్రిప్పుటకు పిడి. త్రిప్పిన బాలగేయము వినవచ్చును. కాని మైనము త్వరలో నరిగి, బొమ్మలు కొలదివారములలోనే మూగవోయినవి, అమ్మకమును నిలిచిపోయెను. మిగిలిన చుట్టలపై ముల్లు మోపిన నున్న ధ్వనియు జెడునని యెవరును సాహసింపకుండిరి. ఇరువదియొకటవ శతాబ్దమున విద్వాంసులు ముల్లు లేక వెలుతురు సాయముననే ఆ గీతలను జదివి కంఠమును మరల వినిరి. ఆ బొమ్మకు దాని కంఠమే సాక్ష్య మయ్యెను. మన గడ్డపు బొమ్మకు అంతటి దురవస్థ పట్టలేదు. అది పలుకదు, కొట్టును. కంచు మైనమువలె నరుగదు.

1948లో నిజాము ప్రభుత్వ మంతరించెను. 1949 మార్చి 2వ తేదీన మూడవ సాలారుజంగు కాలధర్మము నొందెను. సంతానము లేదు. ఆయన భవనములం దెల్ల జెదరియున్న వస్తువు లేమగునో యని కళాభిజ్ఞులు భయపడిరి. ఏ వస్తువు ఎచ్చట, ఎంతకు, ఎవరియొద్ద గొనబడెనో ఎఱిగిన మనుష్యుడు పోయినపుడు, చీటీ లేని ప్రతివస్తువును సగము మూగయే. నాటి పరిపాలకుడు వెల్లోడి ప్రదర్శనశాల స్థాపింప దలచెను. కళావిమర్శకుడు జేమ్సు కజిన్సు వస్తువులను జేర్చి యమర్చెను. 1951 డిసెంబరు 16వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ దివాను దేవిడీయందే దానిని బ్రారంభించెను. 1958లో కుటుంబీకు లందఱును న్యాయస్థానము మూలమున రాజీపడి సంచయమును భారతప్రభుత్వమున కొసగిరి. 1961లో పార్లమెంటు దానిని జాతీయప్రాముఖ్యము గల సంస్థగా బ్రకటించెను. 1968లో అది నేటి భవనమునకు దరలెను. దివాను దేవిడీలో జాలభాగము ఇపుడు లేదు.

బొమ్మను జూడగోరువారు పండ్రెండు గంటలకు బావుగంట ముందుగనే పోవుట మేలు. పండ్రెండు దెబ్బలును వినవచ్చునని జనము అప్పుడే హెచ్చుగ జేరుదురు. శుక్రవారము తలుపులు మూసియుండును.