పర్లాకిమిడి పంతులు

వంశధారా నదీతీరంలో, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలో పర్వతాలపేట అనే చిన్న గ్రామం ఉంది. గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న ఆ గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజు విజయనగర సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ. 1875లో తండ్రి విషజ్వరంతో మరణించడంతో పన్నెండేళ్ల ప్రాయంలోనే రామమూర్తికి బంధువుల ఆశ్రయం అవసరమైంది. విజయనగరంలో మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చేరి 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఆ బాల్యస్నేహం తరువాతి కాలంలో తెలుగు భాషాచరిత్రనే మలుపు తిప్పింది.

కుటుంబభారం మీద పడినందున పై చదువును పక్కన పెట్టి, 1880లో రామమూర్తి పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. మొదటి ఫారం విద్యార్థులకు చరిత్ర బోధించడం ఆయన పని. జీతం నెలకు 30 రూపాయలు. నాడు గంజాం జిల్లాలో, మహేంద్రగిరుల చెంత ఉన్న పర్లాకిమిడి ఒక చిన్న పట్టణం. నౌపడా నుండి చిన్న రైలు సైతం 1900లో గాని ఆ ఊరికి రాలేదు. అటువంటి మారుమూల బడిలో చేరిన యువకుడు పాఠం చెప్పి జీతం తీసుకోవడంతో తృప్తి పడి ఉంటే తప్పుపట్టేవారు లేరు. రామమూర్తి బడిలో పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., ఆ తరువాత బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. చరిత్ర చెప్పేవాడికి శాసనాలు చదవడం రాకపోవడం లోపమని భావించి, ప్రాచీన లిపులను గురుముఖతః కాక స్వయంకృషితోనే అభ్యసించారు. శ్రీముఖలింగం శాసనాలను పరిశీలించి, ప్రాచీన కళింగ రాజధాని అయిన కళింగనగరం అదేనని ప్రతిపాదించారు. ఉన్నత పాఠశాల కళాశాలగా ఎదిగినప్పుడు కళాశాల తరగతులకు సైతం ఆయన బోధించారు.

పర్లాకిమిడి పరిసరాల కొండలలో సవరలు నివసిస్తారు. నాటికి వారి భాషకు లిపి లేదు. అది తెలుగుకు గాని, ఒడియాకు గాని చెందిన కుటుంబంలోనిది కాదు, ముండా భాషలలో ఒకటి. చదువురాని వారిని వ్యాపారులు, అధికారులు తేలికగా మోసగించే కాలమది. వారికి చదువు చెప్పాలంటే ముందు తాను వారి భాష నేర్చుకోవాలని రామమూర్తి నిశ్చయించుకున్నారు. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటనే ఉంచుకొని, కొన్ని సంవత్సరాలపాటు ఆ భాషను అభ్యసించారు. సవర పిల్లలకోసం వాచకాలు రాశారు. సొంత ధనంతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. మన్యంలో తిరగడం వల్ల మలేరియా సోకింది. దాని నివారణకు విరివిగా వాడిన క్వినైను ఆయన వినికిడిని హరించింది. ధ్వనులను అంత శ్రద్ధగా విని గ్రంథస్థం చేసిన పండితుడు శేషజీవితమంతా చెవుడుతోనే గడపవలసి వచ్చింది. అయినా ఆ కృషి ఆగలేదు. సవర భాషపై ఆయన ఆంగ్లంలో రచించిన గ్రంథం 1931లో వెలువడింది.

సవర బాలుడికి సవరలో చదువు చెప్పిన వ్యక్తికి తెలుగు బాలుడి కష్టం కనిపించకుండా ఉండదు. నాటి పాఠశాలలలో విద్యార్థి ఇంట్లో వస్తున్నాడు అని, పుస్తకంలో వచ్చుచున్నాడు అని నేర్చుకోవాలి. విషయం తెలిసిన పిల్లవాడు సైతం వ్యాకరణ రూపాల భయంతో వ్యాసం రాయలేక తడబడేవాడు. 1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడికి ఈ వ్యత్యాసం వింతగా తోచింది. దాని కారణాన్ని అన్వేషిస్తూ ఆయన విశాఖపట్నంలోని పి.టి. శ్రీనివాస అయ్యంగారితో, గురజాడతో, రామమూర్తితో చర్చించారు. వాడుక భాషా ఉద్యమానికి ఇదే ఆరంభం.

1911లో ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తి తన కాలాన్నంతా ఈ ఉద్యమానికే వెచ్చించారు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని ఆధునిక భాషలో కూడా రాయవచ్చునని 1912-13 ప్రాంతంలో ప్రభుత్వం అనుమతించింది. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు తీవ్రంగా ప్రతిఘటించగా కొద్దికాలానికే వెనుకకు తగ్గింది. ఆ ఓటమితో ఆయన వాదం మరింత పదునెక్కింది. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి భాషాశాస్త్రవేత్తల గ్రంథాలు చదివారు. శాసనాలనుండి, పూర్వుల వచన రచనలనుండి వ్యావహారిక రూపాలను ఏరి చూపారు. ఆయన గ్రామ్యాన్ని సమర్థించారని ప్రత్యర్థులు చేసిన ప్రచారం సరికాదు. చదువుకున్నవారు మాట్లాడుకునే శిష్ట వ్యావహారికమే ఆయన కోరినది. కావ్యాలను విడనాడమని ఆయన అనలేదు. గ్రాంథికాన్ని సమర్థించిన పండితులే గ్రాంథికం తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని సోదాహరణంగా నిరూపించడం వారికి మింగుడుపడలేదు. 1919లో తెలుగు అనే మాసపత్రికను స్థాపించారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై తన నిషేధాన్ని తొలగించింది.

వార్ధక్యంలో మరొక పరీక్ష ఎదురైంది. ఒరిస్సా రాష్ట్ర నిర్మాణ సమయంలో పర్లాకిమిడిని అందులో చేర్చే ప్రయత్నాన్ని ఆయన ప్రతిఘటించారు. ఎదుటి పక్షానికి నాయకుడు పర్లాకిమిడి ప్రభువు కృష్ణచంద్ర గజపతి. రామమూర్తి ముప్పై ఏళ్లు పాఠం చెప్పింది ఆ సంస్థానపు బడిలోనే. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలో చేరిపోయింది. డెబ్బై మూడో ఏట ఆ ఊరిలో ఉండడానికి మనసొప్పక, సర్వమూ వదలి రాజమహేంద్రవరానికి తరలివెళ్లారు.

1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలిసి, పత్రికలను ప్రజల భాషలో నడపవలసిందని ఆయన కోరారు. ఆ తరువాత వారం రోజులకే, జనవరి 22న కన్నుమూశారు. అప్పటికీ బడిపిల్లల వాచకాలలో గ్రాంథికమే రాజ్యం చేస్తూ ఉంది.