డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు

శిశువు జన్మించిన గృహము సంతోషముతో నిండవలెను. కాని పూర్వము మన దేశమున ఎన్నో ఇండ్లలో ఆ దినమే తల్లికి కడపటి దినమయ్యెడిది. ఏర్గట్ల మొదలుకొని కర్నూలు వరకు తెలుగు పల్లెలలో పురిటికి మంత్రసానియే దిక్కు. ఆమెకు అనుభవము కలదు. కాని బిడ్డ అడ్డము తిరిగినపుడును, రక్తస్రావము ఆగనపుడును ఆమె చేయగలిగినది స్వల్పము. పురుషుడు పురిటిగది గడప త్రొక్కుట ఆచారవిరుద్ధమని జనులు తలంచెడివారు. అట్టి కాలమున ప్రసూతి వైద్యమును జీవితకార్యముగా చేపట్టిన మహనీయుడు లక్ష్మణస్వామి మొదలియారు.

ఈ వైద్యమునకు పురుషులు పూనుకొనుట ఐరోపాలోను సులభముగా సాగలేదు. 18వ శతాబ్దమున విలియం స్మెల్లీ అను స్కాట్లండు వైద్యుడు ఎముకలతోను తోలుతోను బొమ్మను చేయించి, దానిపై లండనులో శిష్యులకు పురుడు పోయు విధానమును నేర్పెను. ఆయనను పరిహసించినవారు కలరు. అయినను 1752లో ఆయన ప్రకటించిన గ్రంథము ఈ విద్యను శాస్త్రముగా నిలుపుటకు తోడ్పడెను. 1844లో మద్రాసున ప్రసూతి వైద్యశాల వెలసెను. దక్షిణదేశమున ఈ శాస్త్రమునకు అది నెలవయ్యెను.

లక్ష్మణస్వామిగారు 1887వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. ఆయనయు రామస్వామిగారును కవలలు. సోదరులిద్దరును కర్నూలులో చదువుకొని, ఉన్నతవిద్యకై మద్రాసు చేరిరి. రామస్వామిగారు న్యాయశాస్త్రము నభ్యసించి, 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సాంఘిక మండలికి ప్రథమాధ్యక్షులైరి. లక్ష్మణస్వామిగారు వైద్యవిద్యను వరించిరి.

ఆనాడు వైద్యశాఖలోని పెద్ద పదవులు చాలవరకు ఆంగ్లేయులవి. లక్ష్మణస్వామిగారు ఎగ్మూరులోని స్త్రీశిశు వైద్యశాలలో పనిచేసి, విద్యార్థులకు ప్రసూతిశాస్త్రమును బోధించిరి. తుదకు మద్రాసు వైద్యకళాశాలకు ప్రిన్సిపాలైన మొదటి భారతీయుడను ఖ్యాతి గడించిరి. ప్రసూతి చికిత్సను గూర్చి ఆయన రచించిన గ్రంథము తరతరముల వైద్యవిద్యార్థులకు పాఠ్యగ్రంథమైనది.

ప్రసూతి వైద్యమునకు ప్రాణము ముందుచూపు. నొప్పులు మొదలైన పిదప వైద్యుని వెదకుట కంటె, నెలలు నిండకమునుపే గర్భిణిని పరీక్షించుట మేలు. రక్తము తక్కువైనదా, కాళ్లు వాచినవా, రక్తపు పోటు హెచ్చినదా, బిడ్డ సరిగా తిరిగియున్నదా అని ముందే తెలిసికొన్నచో పెక్కు ప్రాణములు దక్కును.

ఈ ముందుచూపు ఆయన ప్రజాసేవలోను కానవచ్చును. 1942 నుండి 1969 వరకు, 27 సంవత్సరములు, ఆయన మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. 1952లో ప్రభుత్వము నియమించిన మాధ్యమిక విద్యాసంఘమునకు అధ్యక్షులై, ఒక్క పరీక్షతోనే బాలుని యోగ్యతను నిర్ణయింపరాదనియు, ఏడాది పొడవున అతడు చేసిన పనిని గూడ లెక్కింపవలెననియు సూచించిరి. 1959లో ఏర్పడిన ఆరోగ్య పరిశీలన సంఘమునకును ఆయనయే అధ్యక్షులు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు 40,000 మందికి మించి జనులుండరాదని ఆ సంఘము తెలిపెను. పల్లెలోని తల్లికి వైద్యము అందుబాటులో నుండవలెనన్నచో ఇట్టి హద్దు అవసరము. 1961లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ ఆరోగ్య మహాసభకు ఆయన అధ్యక్షత వహించిరి. భారత ప్రభుత్వము ఆయనను 1954లో పద్మభూషణ్, 1963లో పద్మవిభూషణ్ బిరుదములతో గౌరవించెను.

1974వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన ఆయన పరమపదించిరి. ఆయన పొందిన పదవులు అనేకములు. కాని ఆయన పేరు వినగానే మనము ముందుగా తలచుకొనవలసినది ఆయన మొదట ఎన్నుకొన్న పనిని. నలుగురును తలుపు మూసి విడిచిన గదిలోనికి ఆయన శాస్త్రమును తీసికొనిపోయిరి. ఏ పని యందు పరుల ప్రాణము నిలుచునో, ఆ పని ఎన్నడును చిన్నది కాదు.