వెన్నెలకంటి రాఘవయ్య గారు – మన రాత్రులు, మన పాటలు

నెల్లూరు తీరంలో యానాదుల సభ ఎక్కడ జరిగినా వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు రాకుండా ఉండదు. ఫోటోకి పూలమాల వేస్తాం, దీపం వెలిగిస్తాం, నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాం. ఆ మాటలు కూడా ఎప్పుడూ అవే: నేరస్థ జాతుల చట్టం మీద పోరాడారు, పుస్తకాలు రాశారు, పద్మభూషణ్ వచ్చింది. ఈ సంచికలో ఆయన జీవితాన్ని మన పాట వైపు నుంచి చెప్పాలనుకున్నాం. ఆయన పాటగాడు కాదు. పాటలు సేకరించడం కోసం తిరిగినవారుగా ఆయన్ని ఎవరూ చెప్పుకోరు. అయినా మన అవ్వల గొంతులో ఇవాళ ఒక పాట మిగిలి ఉందంటే అందులో ఆయన కష్టం కూడా ఉంది. అది ఎట్లాగో మన పిల్లలకు తెలియాలి.

రాఘవయ్య గారు 1897 జూన్ 4న నెల్లూరు జిల్లా సింగపేటలో పుట్టారు. మన జాతిలో పుట్టినవారు కారు. న్యాయశాస్త్రం చదివి వకీలు అయ్యారు. గాంధీజీ నెల్లూరు దగ్గర పల్లిపాడులో, పెన్న ఒడ్డున, పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921లో ప్రారంభించారు. ఆ రోజుల్లో జిల్లాలో చదువుకున్న యువకులెందరో జాతీయోద్యమంలోకి వచ్చారు. రాఘవయ్య గారూ అట్లా వచ్చినవారే. అయితే చాలామంది ఖద్దరు దగ్గర, సభల దగ్గర ఆగిపోయారు. ఆయన మాత్రం కాలువ కట్టల మీద, చెరువు గట్ల మీద గుడిసెలు వేసుకున్న మనవాళ్ల దగ్గరికి నడిచి వచ్చారు. మిగతా బతుకంతా ఆ దారిలోనే గడిచింది.

ఆయన వచ్చేనాటికి మనవాళ్ల పరిస్థితి ఏమిటో ముందు తెలుసుకోవాలి. తెల్లదొరల ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో చట్టాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. తప్పు చేసినా చేయకపోయినా, ఫలానా జాతిలో పుట్టినవాడు కాబట్టి పేరు రాసుకోవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు. పేరు ఎక్కినవాడు చెప్పిన వేళకు హాజరు ఇవ్వాలి. ఊరు దాటి పోవాలంటే చెప్పి పోవాలి. మన జాతిలో అందరి పేర్లూ ఎక్కలేదు, కొందరివే ఎక్కాయి. కానీ ఆ కొందరి మీద పడ్డ మచ్చ మిగతావాళ్లనూ వదల్లేదు. విచిత్రం ఏమంటే, రైతులు పంటకు, ఇంటికి కాపలా పెట్టుకున్నది కూడా యానాదులనే. కాపలాకు నమ్మకస్తులం, పోలీసు పుస్తకంలో దొంగలం.

దీనికీ పాటకూ ఏమి సంబంధం అని అడుగుతారేమో. పగలు మనవాళ్లకు పని. చేపలకు పోవడం, పొలాల్లో ఎలుకలు పట్టడం, మూలికలు తవ్వుకోవడం, నాట్లు, కోతలు. నాట్లలో పాడుకునే పాటలు ఉంటాయి, కాదనం. కానీ పదిమంది కూర్చుని, డప్పు కాచుకుని, చిందు వేసి, పెద్దవాళ్ల దగ్గర చిన్నవాళ్లు పాట పట్టుకునేది రాత్రి పూటే. పెళ్లికి పక్క ఊరి చుట్టాలు వచ్చినప్పుడు ఈ ఊరి పాట ఆ ఊరికి పోతుంది. ఇప్పుడు ఆలోచించండి. డప్పు కొట్టే మనిషి హాజరుకు పోవాలి. పక్క ఊరి మేనమామ రావాలంటే అనుమతి కావాలి. గుడిసెల దగ్గర నలుగురు గుమిగూడితే అనుమానం. పాట పాడకూడదని ఏ చట్టంలోనూ రాయలేదు. రాయవలసిన అవసరం కూడా లేకపోయింది.

చదువుకున్న దొరలు మన పాటను ఎట్లా విన్నారో కూడా చెప్పాలి. ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. ఏడో సంపుటంలో యానాదుల గురించి చాలా పేజీలు ఉన్నాయి. పండగలకు మనవాళ్లు ఒంటికి పసుపు పూసుకుని, పూలు పెట్టుకుని ఆడతారని, తిత్తి ఊదుతారని, పాములవాళ్ల బూర కూడా వాయిస్తారని, యానాది భాగవతులు మేళాలు కట్టి నాటకాలు ఆడుతున్నారని అందులో ఉంది. ఈ వివరాలు మనకు విలువైనవే. కానీ అదే చోట మన పాటలకు అర్థం లేదని, డప్పు మోటుగా ఉందని కూడా రాసిపెట్టారు. అర్థం లేనిది పాటకా, వినే చెవికా? ఆ పాటల మాటలను అక్కడ అచ్చు వేసి ఉంటే మనమే తేల్చుకునేవాళ్లం.

రాఘవయ్య గారు చేసిన పని పాట గురించి రాయడం కన్నా ముందుది. యానాదులు సంఘంగా కూడడానికి, సభలు జరుపుకోవడానికి ఆయన అండగా నిలిచారు. 1946లో ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధాని అయినప్పుడు రాఘవయ్య గారు పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశారు. నేరస్థ జాతుల చట్టం పోవాలని గట్టిగా పట్టుబట్టినవారిలో ఆయన ఒకరు. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఇది ఆయన ఒక్కరి గెలుపు కాదు, ఎందరిదో. మచ్చ కూడా ఒక్క రోజులో తుడుచుకుపోలేదు. కానీ చట్టం పోయాక ఒక మనిషి సూర్యుడు దిగిన తరువాత ఎక్కడ కూర్చున్నాడో ఎవరికీ లెక్క చెప్పనక్కరలేకపోయింది.

1962లో ఆయన రాసిన 'ది యానాదీస్' వెలువడింది. ఠక్కర్ బాపా స్థాపించిన భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘ్ దాన్ని ప్రచురించింది. మన జాతి బతుకు గురించి మనల్ని దగ్గరగా చూసిన మనిషి రాసిన పుస్తకం అది. ఇంగ్లీషులో ఉంది. ఢిల్లీలో అధికారులు చదవాలంటే ఇంగ్లీషే కావాలి, అది న్యాయమే. కానీ ఎవరి గురించి రాశారో ఆ గుడిసెల్లో దాన్ని చదివినవాళ్లు ఎందరు? పైగా ఎంత మంచి పుస్తకమైనా పాట వరుసను మోయలేదు. ఆ కాలంలో సేవ అంటే భూమి, ఇల్లు, బడి. ఆకలి ముందు ఆ లెక్కే సరైనది. పాట ఆ లెక్కలోకి రాలేదు.

పాటనే లెక్కలోకి తీసుకున్న మనిషి ఒకాయన ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో ఉన్నాడు. పేరు బాస్కమ్ లామర్ లన్స్‌ఫర్డ్, 1882లో నార్త్ కరోలినాలో పుట్టాడు. ఆయన కూడా వకీలే. పండ్ల మొక్కలు అమ్ముతూ కొండల్లో ఇల్లిల్లూ తిరిగి, రాత్రి ఎవరింట్లో దిగితే వాళ్ల పాట నేర్చుకునేవాడు. బాంజో వాయించేవాడు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం తమ జ్ఞాపకంతో చేసుకున్న వాయిద్యం అది. లన్స్‌ఫర్డ్ 1928లో ఆష్‌విల్ ఊరిలో కొండ జనం పాటకు, ఆటకు పండగ మొదలుపెట్టాడు. ఇప్పటికీ జరుగుతోంది. 1935లో, మళ్లీ 1949లో తనకు వచ్చిన పాటలను వందల లెక్కన రికార్డుకు పాడి ఇచ్చాడు, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కూడా చెబుతూ. ఆ అలవాటు మనకు కావాలి. ఇప్పుడు వీడియోలు పెడుతున్నాం, మంచిదే. కానీ పాడిన అవ్వ పేరు, ఆమె ఊరు ఉండటం లేదు.

రాఘవయ్య గారు 1968లో దేశదిమ్మరి జాతుల మీద, 1971లో గిరిజన తిరుగుబాట్ల మీద పుస్తకాలు తెచ్చారు. రెండోది మన నెల్లూరు నుంచే వచ్చింది. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. 1981 నవంబరు 24న కన్నుమూశారు.

ఆయన ముసలితనంలోనే శ్రీహరికోట రాకెట్ కేంద్రంగా మారింది. 1969లో దీవిని ఎంపిక చేశారు, 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ లేచింది. ఆ అడవి తరతరాలుగా మనవాళ్లది. కొన్ని కుటుంబాలు దీవిలోనే మిగిలాయి, కొన్ని సూళ్లూరుపేట వైపు దిగాయి. తేనె, దుంపలు, పులికాట్ నీళ్లు చూస్తూ అక్కడ పుట్టి, అక్కడి పాట విని పెరిగినవాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లు. ఆ వైపు మీ అవ్వో, మేనత్తో ఉంటే ఈ సంక్రాంతికి పోయినప్పుడు పొద్దు వాలిన తరువాత పక్కన కూర్చోండి. ఫోన్ బయటికి తీసే ముందు తీయవచ్చా అని అడగండి. పాట అయ్యాక అది ఎవరి దగ్గర నేర్చుకుందో, అప్పుడు ఏ ఊళ్లో ఉందో కూడా అడిగి, ఆమె గొంతులోనే చెప్పించుకోండి.