ఖరగ్‌పూర్ సమ్మె నుంచి రాష్ట్రపతి భవన్ దాకా: కార్మిక నేత వి.వి. గిరి జీవితం

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): ధరలు పెరిగి, జీతాలు చాలక, ఉన్న ఉద్యోగాలూ పోతుంటే నగరాల్లో అశాంతి రేగుతుందా అన్న ప్రశ్న ప్రతి ఆర్థిక సంక్షోభంలోనూ మళ్లీ వినిపిస్తుంది. దాదాపు వందేళ్ల కిందట ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం ఈ ప్రశ్నను ముఖాముఖి ఎదుర్కొంది. 1927లో ఇక్కడి వర్క్‌షాప్ కార్మికులు ఏడాదిలో రెండుసార్లు యాజమాన్యంతో తలపడ్డారు. ఆ పోరాటంలో వారి పక్షాన నిలిచిన ప్రముఖ నాయకుడు వరాహగిరి వేంకటగిరి. ఆయనే ఆ తర్వాత దేశానికి నాలుగో రాష్ట్రపతి అయ్యారు.

కార్మికుల కష్టాన్ని వినే వేదిక ఉంటే అది కోరికల రూపంలో బయటికి వస్తుందని, ఆ వేదిక మూతపడితే వీధిన పడుతుందని గిరి బలంగా నమ్మారు. ఆయన సాగించిన సమ్మెలకూ, చేసిన చట్టాలకూ, ఒకసారి వదులుకున్న మంత్రి పదవికీ మూలం ఆ నమ్మకమే. దానికి అత్యంత కఠినమైన పరీక్ష మాత్రం ఆయన రాష్ట్రపతిగా ఉన్న చివరి ఏడాదిలో ఎదురైంది.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాకు చెందినది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కాంగ్రెస్ వాది. తర్వాతి కాలంలో కేంద్ర శాసనసభ సభ్యుడిగానూ పనిచేశారు. తల్లి సుభద్రమ్మ మద్యనిషేధ ఉద్యమంలో పాల్గొని అరెస్టయ్యారు. బరంపురంలోని ఖల్లికోట కళాశాలలో చదువుకున్న గిరి, న్యాయశాస్త్రం కోసం 1913లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు వెళ్లారు.

ఆ ఏడాదే డబ్లిన్ నగరం పెద్ద సంక్షోభంలో పడింది. కార్మిక సంఘంలో చేరినవారిని పనిలోకి రానివ్వబోమని యజమానులు తీర్మానించడంతో సుమారు 20 వేల మంది కార్మికులు ఉపాధి కోల్పోయారు. పోలీసుల లాఠీ దెబ్బలకు ప్రాణాలు పోయాయి. ఇరుకు గదుల్లో తలదాచుకున్న కుటుంబాలు నెలల తరబడి పస్తులున్నాయి. 1914 తొలి నెలల్లో కార్మికులు ఓడిపోయి పనుల్లోకి తిరిగి వెళ్లారు.

అయితే ఆ కథ అంతటితో ముగియలేదు. పోలీసుల నుంచి కార్మికులను కాపాడేందుకు జేమ్స్ కానలీ తదితరులు ఏర్పాటు చేసిన రక్షణ దళం, మూడేళ్లు తిరగకముందే 1916 ఈస్టర్ తిరుగుబాటులో ఆయుధాలు పట్టింది. బ్రిటిష్ ప్రభుత్వం కానలీని కాల్చి చంపింది. గిరికి సాహిత్యం బోధించిన కవి థామస్ మెక్‌డొనా కూడా అలాగే ప్రాణాలు కోల్పోయారు. తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరిని దేశం విడిచి వెళ్లాలని అధికారులు ఆదేశించారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు కూడా నిండలేదు. బారిస్టరు పట్టాతో పాటు, స్వదేశంలో రవాణా కార్మికులను సంఘటితం చేయాలన్న సంకల్పాన్నీ ఆయన అక్కడి నుంచే వెంట తెచ్చుకున్నారు.

రైలు కట్టిన ఊరు

గిరి బరంపురంలో న్యాయవాద వృత్తి ప్రారంభించి, 1920లో సహాయ నిరాకరణోద్యమం కోసం దాన్ని వదిలేశారు. 1922లో మద్యం దుకాణాలకు వ్యతిరేకంగా ఉద్యమించి జైలుకు వెళ్లారు. ఆ తర్వాత ఆయన దృష్టి రైల్వేలపైకి మళ్లింది. 1923లో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఒకరై, పదేళ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అసోసియేషన్‌నూ ఆయన స్థాపించారు.

ఆ రైల్వేకు గుండెకాయ ఖరగ్‌పూర్. 19వ శతాబ్దం ముగిసే నాటికి జంక్షన్, ఆ వెంటే భారీ వర్క్‌షాప్ వెలిశాయి. వాటి చుట్టూ వరుసలుగా క్వార్టర్లు లేచాయి. వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం, బరంపురం మీదుగా సాగే తూర్పు తీర రైలుమార్గం ఉత్తరాంధ్ర పల్లెలను ఈ ఊరికి కలిపింది. పొలం పనులు చాలని కుటుంబాలు రైలెక్కి ఇక్కడికి వచ్చి కళాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మెన్‌లుగా చేరాయి. బెంగాలీ, హిందీ, ఒడియా, తెలుగు కలగలిసిన ఈ పట్టణాన్ని మినీ ఇండియా అని పిలుస్తారు. ఆ తెలుగువారి మనుమలు, మునిమనుమలు నేటికీ ఈ వీధుల్లో కనిపిస్తారు.

ఇలాంటి పట్టణంలో ఉద్యోగం పోవడమంటే నెల జీతం ఆగిపోవడం ఒక్కటే కాదు. ఇల్లు రైల్వేది, నీళ్లు రైల్వేవి, ఆసుపత్రి రైల్వేది. పని పోయిన నాడు క్వార్టరు కూడా ఖాళీ చేయాలి. అంగట్లో అరువు ఆగిపోతుంది. ఊళ్లో ఆ చేతిపనికి మరో యజమాని ఉండడు. సొంత ఊరికి తిరిగి వెళ్లినా అక్కడ పొలం ఉండదు. ఒక్క తొలగింపు ఉత్తర్వు కుటుంబం మొత్తాన్నీ కదిలించేస్తుంది కాబట్టే, వెయ్యి ఉద్యోగాల కోత వార్త ఊరంతటినీ కుదిపేయగలదు.

రెండు ఘర్షణల ఏడాది

1926లో సర్ విన్సెంట్ రావెన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ రైల్వే వర్క్‌షాపుల పనితీరును పరిశీలించి సిబ్బందిని తగ్గించాలని సూచించింది. ఖర్చు తగ్గింపు పేరుతో మొదలైన ఆ ఆలోచన దేశంలోని వర్క్‌షాపులన్నింటిలో ఆందోళన రేపింది. జీతాల పెంపు, వివక్షకు స్వస్తి, సంఘానికి గుర్తింపు కోరుతూ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులు 1927 ఫిబ్రవరిలో సమ్మెకు దిగారు. ఖరగ్‌పూర్‌లో సమ్మెదారులపై బలప్రయోగం జరిగింది. అందులో రైల్వే యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులతో కూడిన సహాయక సైనిక దళం కూడా పాల్గొంది. వర్క్‌షాపులో పైఅధికారిగా ఆదేశాలిచ్చే మనిషే సైనిక దుస్తుల్లో తుపాకీతో ఎదురు నిలవడం కార్మికుల మనసుల్లో లోతైన గాయం చేసింది. మార్చిలో సమ్మె ముగిసినా ఆ గాయం మానలేదు.

అదే ఏడాది గిరి కార్మికుల ప్రతినిధిగా జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకు హాజరయ్యారు. కార్మిక సంఘాలకు చట్టబద్ధత కల్పించే 1926 నాటి చట్టం 1927 జూన్‌లో అమల్లోకి వచ్చింది. సంఘానికి చట్టం గుర్తింపు దొరికింది గానీ, యాజమాన్యం గుర్తింపు దొరకలేదు.

సెప్టెంబరులో అసలు దెబ్బ పడింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వెయ్యి మందికి పైగా కార్మికులను తొలగిస్తున్నట్లు ప్రకటన వెలువడింది. కార్మికులు వర్క్‌షాపుకు వచ్చి కూడా పని ముట్టలేదు. యాజమాన్యం లాకౌట్ ప్రకటించింది. డబ్లిన్‌లో చూసినదే పద్నాలుగేళ్ల తర్వాత ఖరగ్‌పూర్‌లో గిరి కళ్లముందుకు వచ్చింది.

లాకౌట్ డిసెంబరు వరకు సాగింది. దాదాపు మూడు నెలలు జీతం లేని ఇళ్లలో దసరా, దీపావళి వచ్చి వెళ్లాయి. ఆకలే అల్లర్లకు చాలిన కారణమైతే ఖరగ్‌పూర్ ఆ చలికాలంలో తగలబడి ఉండాలి. కానీ అలా జరగలేదు. కార్మికుల కోపానికి ఒక సంఘం, ఆ సంఘానికి ఒక కోరికల పట్టిక, దాన్ని వినిపించే నాయకత్వం ఉన్నాయి. హింస జోలికి వెళితే తుపాకులకు సాకు దొరుకుతుందని ఫిబ్రవరి అనుభవం నేర్పింది. తొలగింపుకు గురైనవారి హక్కుల కోసం అహింసా మార్గంలో సాగిన ఈ పోరాటం చివరకు ప్రభుత్వాన్ని, రైల్వే యాజమాన్యాన్ని దిగివచ్చేలా చేసింది. కార్మికోద్యమ చరిత్రలో దానికి మైలురాయిగా స్థానం దక్కింది.

మరుసటి ఏడాది జూలైలో దక్షిణ భారత రైల్వేలోనూ ఇలాంటి తొలగింపులపైనే సమ్మె జరిగింది. అక్కడ చర్చలు తెగిపోయాయి, రైళ్లు పట్టాలు తప్పాయి, నాయకులు జైలుపాలయ్యారు. కొద్ది రోజుల్లోనే సమ్మె అణగారిపోయింది. రెండు చోట్లా కార్మికుల కష్టం ఒకటే, ఫలితాలు మాత్రం వేరు.

గిరి మార్గం

1929లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ చీలింది. కార్మికుల స్థితిగతుల విచారణకు వచ్చిన రాయల్ కమిషన్‌తో సహకరించాలా వద్దా అన్నది వివాదాంశాల్లో ముఖ్యమైనది. సహకరించి కార్మికుల గోడు వినిపించాలన్న పక్షంలో గిరి, ఎన్.ఎం. జోషి నిలిచారు. విదేశీ పాలకులతో రాజీ పడ్డారన్న విమర్శను గిరి భరించారు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మిక ప్రతినిధిగా వెళ్లారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో మళ్లీ జైలుకెళ్లారు.

స్వాతంత్ర్యానంతరం పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. వివాదాలను ప్రభుత్వం ట్రైబ్యునళ్లకు అప్పగించి తీర్పులు రుద్దడం కాకుండా, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని ఆయన వాదించారు. గిరి మార్గంగా పేరుపొందిన ఈ విధానానికి యాజమాన్యాల నుంచే కాక సొంత ప్రభుత్వం నుంచీ వ్యతిరేకత వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడంతో 1954లో ఆయన రాజీనామా చేశారు. ఉద్యోగులు నమ్మి ఆశ్రయించిన వేదికను ప్రభుత్వమే కాదంటే ఇక వారు ఎక్కడికి వెళ్లాలన్నది ఆ రాజీనామా అడిగిన ప్రశ్న.

రాష్ట్రపతి భవన్‌లో చివరి ఏడాది

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967 నుంచి ఉపరాష్ట్రపతిగా పనిచేసిన గిరి, 1969లో తాత్కాలిక రాష్ట్రపతిగా 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం చేశారు. ఆ మరుసటి రోజే పదవి వదిలి, స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసి, మరో తెలుగు నేత నీలం సంజీవరెడ్డిపై స్వల్ప ఆధిక్యంతో గెలిచారు.

ఆయన పదవీకాలం చివర్లో దేశంలో ధరలు మండిపోయాయి. అహ్మదాబాద్‌లో విద్యార్థుల మెస్ చార్జీల పెంపుపై మొదలైన నిరసన గుజరాత్ నగరాలన్నింటికీ పాకి, 1974 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రాజీనామాకు దారితీసింది. ఆ తర్వాత బిహార్ రగిలింది. మే 8న రైల్వే కార్మికులు దేశవ్యాప్త సమ్మెకు దిగారు. బోనస్, మెరుగైన వేతనాలు, పరిమిత పనిగంటలతో పాటు చౌక ధరలకు తిండిగింజలు కావాలన్నది వారి కోరిక. సమ్మెకు నాయకత్వం వహించిన జార్జి ఫెర్నాండెజ్ అప్పట్లో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడు. అంటే, అర్ధశతాబ్దం కిందట గిరి నెలకొల్పిన సంస్థే ఇప్పుడు ఆయన పేరిట పాలిస్తున్న ప్రభుత్వంతో తలపడింది.

చర్చలు సాగుతుండగానే ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. వేలాది మంది కార్మికులు జైళ్లకు వెళ్లారు. రైల్వే కాలనీల్లో కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టారు. మే 27న సమ్మె విరమించారు. మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవాల్సిన రాష్ట్రపతికి, 1954లో మంత్రికి ఉన్నపాటి వెసులుబాటు కూడా లేదు. ఆ ఆగస్టులోనే ఆయన పదవీకాలం ముగిసింది. ఏడాది తిరగకముందే దేశంలో అత్యవసర పరిస్థితి అమల్లోకి వచ్చింది.

1975లో భారతరత్న అందుకున్న గిరి, 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టారు.

ఆర్థిక కష్టం అశాంతికి దారితీస్తుందా అన్న ప్రశ్నకు ఆయన జీవితంలో ఒకే మాటలో సమాధానం దొరకదు. డబ్లిన్‌లో, ఖరగ్‌పూర్‌లో, 1974 నాటి రైల్వే కాలనీల్లో ప్రజల ఇబ్బంది దాదాపు ఒకే తీరుది. దాన్ని వినేందుకు ఎవరైనా సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదే ప్రతిసారీ తర్వాతి పరిణామాలను నిర్ణయించింది. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు మూడు నెలల పస్తుల తర్వాతైనా తమ మాట వినిపించుకోగలిగారు.