పిడికెడు బియ్యానికి లెక్క ఎవరు చెప్పాలి? డోర్నకల్ బిషప్ అజరయ్య జీవితం

జనవరి 1న మన సంఘాల్లో కొత్త సంవత్సరం ఆరాధన జరుగుతుంది. కరీంనగర్‌లోనైనా మంచిర్యాలలోనైనా ఆ రోజు ప్రసంగంలో దశమభాగం మాట చాలాచోట్ల వినిపిస్తుంది. సంపాదనలో పదో వంతు దేవునిదని, ఇవ్వకపోతే దేవుణ్ణి దోచుకున్నట్టేనని పాస్టర్లు చెబుతారు. బీడీలు చుట్టే అక్క, గుత్తకు పొలం చేసే అన్న, సుతారి పనికి పోయే తమ్ముడు తలవంచుకుని వింటారు. సరిగ్గా అదే జనవరి 1న, 1945లో, డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కన్నుమూశారు. మాల మాదిగ పల్లెలకు కానుక ఇవ్వడం నేర్పిన మనిషి ఆయన. ఆయన ఏం నేర్పారో, మనం అందులో ఏం మరిచిపోయామో చూడాల్సిన అవసరం ఇప్పుడు ఉంది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే ఊళ్లో పుట్టారు. వాళ్లది నాడార్ కులం. ఆ రోజుల్లో షానార్లు అని పిలిచేవారు. తాటిచెట్లు ఎక్కి కల్లు గీసే ఈ కులానికి గుడి ప్రవేశం లేదు. తిరువాన్కూరులో ఈ కులం ఆడవాళ్లు రవిక వేసుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు కొట్లాడాల్సి వచ్చింది. అజరయ్య తండ్రి ఆంగ్లికన్ సంఘంలో పాస్టర్. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివిన అజరయ్య డిగ్రీ పూర్తి చేయలేదు. 1895లో వై.ఎం.సి.ఎ.లో చేరి దక్షిణ భారతమంతా తిరిగారు.

1902లో చేసిన జాఫ్నా ప్రయాణం ఆయన దారి మార్చింది. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను పంపి, పోషిస్తున్నారు. మన దేశంలోనేమో బడి, గుడి, పాస్టర్ జీతం అన్నీ విదేశీ మిషన్ల పద్దులోనే ఉన్నాయి. ఈ తేడా ఆయనను సిగ్గుపడేలా చేసింది. 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. 1905 డిసెంబర్ 25న సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. రెండింటి వెనుకా అజరయ్య ఉన్నారు. మనుషులు, డబ్బు, పెత్తనం మూడూ భారతీయులవే కావాలన్నది వాటి సూత్రం. బెంగాల్‌లో స్వదేశీ ఉద్యమం నడుస్తున్న కాలం అది.

తిరునల్వేలి సొసైటీ ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో అజరయ్య పాస్టర్‌గా అభిషేకం పొంది, వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి అక్కడికి వచ్చారు. మొదట గుడారంలో ఉన్నారు. తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద పల్లెలు తిరిగారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. నల్లవాడి చేతి కింద పనిచేయడం ఇష్టం లేని తెల్ల మిషనరీలు దీన్ని వ్యతిరేకించారు. అందుకే మొదట ఆయనకిచ్చిన డయోసిస్ చాలా చిన్నది. 1920ల మొదట్లో కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా కలిశాకే అది పెద్దదైంది.

ఆయన సంఘంలోకి వచ్చింది ఎక్కువగా మాలలు, మాదిగలు. నిజాం రాజ్యంలో వాళ్ల బతుకు వెట్టి బతుకు. దొర గడీకి చెప్పులు కుట్టాలి, కట్టెలు మోయాలి, కబురు తీసుకుని ఊళ్లు నడవాలి. కూలి అడిగితే దెబ్బలు. ఇలాంటి మనుషుల్ని పాస్టర్ జీతానికి మీరే కూడబెట్టాలని అడగడం న్యాయమేనా? ఈ ప్రశ్న అప్పుడూ ఉంది. బీదవాళ్లు కనుక వాళ్ల నుంచి ఏమీ ఆశించకూడదనడం దయలాగా కనిపిస్తుంది. కానీ ఆ దయలో వాళ్లు ఎప్పటికీ చేయి చాచేవాళ్లుగానే మిగిలిపోతారని అజరయ్య అభిప్రాయం.

అందుకే నగదు లేని ఊళ్లలో ఉన్నదే కానుక అయింది. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇంటావిడ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. కోడిగుడ్లు, కోళ్లు, కూరగాయలు, గంపెడు జొన్నలు గుడికి చేరేవి. ఏమీ లేనివాళ్లు గుడి కట్టేటప్పుడు రెక్కల కష్టం ఇచ్చారు. పంట ఇంటికొచ్చాక జరిగే కోత పండుగ ఊరంతటికీ పండుగైంది. వెట్టిలో మనిషి తన చేతిలోది ఇవ్వడు, అతని నుంచి లాక్కుంటారు. కోత పండుగనాడు అదే మనిషి తన ఇష్టంతో, తన గంప నెత్తిన పెట్టుకుని, నలుగురి ముందు నడిచి వెళ్లి ఇస్తాడు. గడీ గడపలో నిలబడే హక్కు లేనివాడికి గుడిలో దాతగా నిలబడే చోటు దొరికింది.

1930ల్లో ఈ బియ్యం ఇంకో వాదానికి జవాబైంది. దళితులు తెలియక, ఆశపడి మతం మారుతున్నారని గాంధీ విమర్శించారు. అజరయ్యతో ఆయనకు తీవ్రమైన విభేదం వచ్చింది. దళితులకు సొంత నిర్ణయం తీసుకునే బుద్ధి లేదన్నట్టు మాట్లాడటం అజరయ్యకు నచ్చలేదు. బియ్యానికి అమ్ముడుపోయారని ఎవరిని అన్నారో వాళ్లే తమ బియ్యం తెచ్చి పంతులును పోషిస్తున్నారు. ఆయన చివరి ఏళ్లకు డోర్నకల్ డయోసిస్ జనం 2 లక్షలు దాటింది.

అంబేడ్కర్ ముందు మాత్రం బిషప్ దగ్గర జవాబు లేకపోయింది. 1935లో యేవలలో హిందూ మతం వదులుతానని ప్రకటించాక అంబేడ్కర్ అజరయ్యను కలిసి, ఇన్ని శాఖలుగా చీలిన సంఘంలో మా జనం ఒక్కటిగా ఎలా ఉంటారని అడిగారని చెబుతారు. ఆ ప్రశ్నకు తలవంచుకోవాల్సి వచ్చిందని అజరయ్యే తర్వాత చెప్పుకున్నారట. క్రైస్తవులైన దళితుల గురించి రాస్తూ అంబేడ్కర్ డబ్బు సంగతి కూడా తేల్చారు. మిషన్లు పెద్ద కాలేజీలకు, ఆసుపత్రులకు పెట్టిన ఖర్చుతో ఎక్కువ లాభపడింది సవర్ణులే. మతం మారిన అంటరానివాళ్లు వాటి గడప దాకా కూడా పోలేకపోయారు.

అజరయ్య పరిమితులు కూడా చెప్పుకోవాలి. స్వయం పోషణ ఆయన ఆశయం, అయినా డయోసిస్ చివరి దాకా ఇంగ్లండు సొసైటీల గ్రాంట్ల మీద ఆధారపడే ఉంది. పెత్తనం బిషప్ చేతిలోనే ఉండిపోయింది. మాల మాదిగలు ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకోవాలని ఆయన పట్టుబట్టినా, వాళ్ల మధ్య దూరం పోలేదు. అది ఇప్పటికీ మన సంఘం ఎన్నికల్లో కనిపిస్తూనే ఉంది.

డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ కట్టడం ఏళ్ల తరబడి నిదానంగా సాగింది. హిందూ, ముస్లిం కట్టడాల పద్ధతులు కలిపి కట్టిన ఆ గుడిని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. క్రైస్తవుడు ఎందుకు, ఎలా ఇవ్వాలన్నదాని మీద ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని చనిపోయాక 1950ల్లో లండన్‌లో మళ్లీ అచ్చు వేశారు. ఆయన కోరుకున్న సంఘాల ఐక్యత 1947 సెప్టెంబర్ 27న సి.ఎస్.ఐ.గా సాధ్యమైంది. చూడటానికి ఆయన లేరు.

ఆయన కాలంలో మన ప్రాంతం వెస్లియన్ మెథడిస్టు మిషన్ కింద ఉండేది. ఐక్యత తర్వాత కరీంనగర్ సంఘాలు డోర్నకల్‌తో కలిశాయి. 1978లో కరీంనగర్ వేరే డయోసిస్ అయింది. అలా అజరయ్య వారసత్వం మనకూ వచ్చింది. కోత పండుగ వచ్చింది, కానుకల సంచి వచ్చింది. లెక్క అడిగే అలవాటు రాలేదు.

దశమభాగానికి పాస్టర్లు ఎప్పుడూ చూపించే మలాకీ 3వ అధ్యాయంలో, ఆ మాటకు కొన్ని వచనాల ముందే ఇంకో మాట ఉంది. కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ల మీద, విధవరాలిని, తండ్రి లేనివాళ్లను బాధపెట్టేవాళ్ల మీద దేవుడు సాక్ష్యం చెబుతాడు. ద్వితీయోపదేశకాండం ప్రకారం మూడో ఏటి దశమభాగం లేవీయులతో పాటు పరదేశులకు, అనాథలకు, విధవరాళ్లకు చెందుతుంది. పుదీనా ఆకులో కూడా పదో వంతు లెక్కగట్టి న్యాయాన్ని వదిలేసిన పరిసయ్యులను యేసు గద్దించాడు. ఇవి ఎన్ని ప్రసంగాల్లో వింటున్నాం?

1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు. బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ ఒక్కటే దిక్కు. అలాంటప్పుడు సంఘం డబ్బు, సంఘం భూమి, సంఘం హాస్టల్ మన పిల్లల చదువుకు ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? కానుక ఎంత వచ్చింది, గుడి గోపురానికి ఎంత పోయింది, కాలేజీ ఫీజు కట్టలేని పిల్లకు ఎంత ఇచ్చారు, మిషన్ స్థలాల అద్దె ఎవరి చేతికి పోతోంది? ఏడాదికోసారి ఈ లెక్క తెలుగులో రాసి గుడి గోడ మీద అంటించమని అడగడం విశ్వాసానికి వ్యతిరేకం కాదు.

ఇచ్చేవాడికి గౌరవం ఉంటుందని అజరయ్య నేర్పారు. ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు కూడా ఉన్నప్పుడే ఆ గౌరవం నిలుస్తుంది. లేకపోతే పిడికెడు బియ్యం కూడా ఇంకో వెట్టి అవుతుంది.