వెట్టిని సేవగా మార్చిన భాగ్యరెడ్డివర్మ

ఏప్రిల్ 14 మనకు అంబేడ్కర్ జయంతి. అగ్నిమాపక సిబ్బందికి అది అమరుల సంస్మరణ దినం కూడా. 1944లో అదే తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయింది. మంటలార్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అందరూ పారిపోయే చోటికి ఎదురెళ్లడం వాళ్ల వృత్తి. ఆ వృత్తి, ఆ జీతం, ఆ గౌరవం ఏవీ లేకుండానే అలా ఎదురెళ్లిన వాళ్లు మన చరిత్రలో ఉన్నారు. వాళ్లను కూడగట్టిన మాదరి భాగ్యరెడ్డివర్మను ఇక్కడ గుర్తు చేసుకుంటున్నాం.

ఆయన అసలు పేరు భాగయ్య. 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక పేద మాల కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. చదువు, లోకజ్ఞానం అక్కడే అబ్బాయి. 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్మిత్ర మండలి స్థాపించారు. చదువు రాని జనానికి హరికథల ద్వారా తన మాట చేరవేశారు. 1910లో ఇసామియా బజార్‌లో దళిత పిల్లల కోసం బడి తెరిచారు. క్రమంగా ఆ బడులు ఇరవై దాటాయి, పిల్లలు రెండు వేలు దాటారు. 1911లో మన్య సంఘం పెట్టి తాగుడుకు, దేవదాసీ ఆచారానికి వ్యతిరేకంగా ప్రచారం సాగించారు.

హైదరాబాద్‌ను ప్లేగు, ఇన్‌ఫ్లూయెంజా కుదిపేసిన కాలమది. సొంతవాళ్లే రోగి దగ్గరికి వెళ్లడానికి జంకేవారు. భాగ్యరెడ్డివర్మ తయారు చేసిన స్వస్తిక్ దళం యువకులు రోగులకు సేవ చేశారు, దిక్కులేని శవాలకు అంత్యక్రియలు చేశారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. శవం మోయడం, చావు కబురు చెప్పడం, కాటి పని చేయడం దళితులకు కొత్త కాదు. కులం వాళ్ల నెత్తిన పెట్టిన వెట్టి అది. కాదనే హక్కు లేని పనిని సేవ అనలేం. స్వస్తిక్ దళం తమంతట తాముగా, సంఘంగా, మనుషులుగా ముందుకొచ్చింది. అంటరానివాళ్లన్న చేతులే ఊరిని ఆదుకున్నాయి. అలా ఆదుకున్నవాళ్లు హక్కులూ అడిగారు.

ఆ అడగడం మా కృష్ణా డెల్టాలోనూ వినిపించింది. 1917 నవంబర్ 4 నుంచి 6 వరకు బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించారు. శాస్త్రాల్లో ఎక్కడా లేని పంచమ అనే పేరు తమకెందుకని ప్రశ్నించారు. ఈ నేల తొలి వాసులం కాబట్టి ఆది ఆంధ్రులమని సభ ప్రకటించుకుంది. చట్టసభల్లో, స్థానిక సంస్థల్లో ప్రాతినిధ్యం, బడులు, బావులు కావాలని కోరింది.

పెదపారుపూడి వంటి డెల్టా పల్లెల్లో నిలబడి చూస్తే బావి కోరికలోని బరువు తెలుస్తుంది. చుట్టూ కాలువలున్నా, ఊరి బావిలో చేద వేసే హక్కు దళితవాడకు లేదు. తాటాకు ఇళ్ల వరసలో ఎండాకాలం ఒక నిప్పురవ్వ పడితే చాలు, వాడంతా బూడిదే. మంటలార్పడానికి ధైర్యం ఒక్కటే సరిపోదు, చేతికందే దూరంలో నీళ్లుండాలి. నీటి హక్కంటే దాహానికే కాదు, ప్రాణరక్షణకు కూడా.

1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర పేరును గుర్తించింది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ సంస్థానం ఆది హిందూ పేరును నమోదు చేసింది. ఒక పేరు మారితే బతుకు మారిపోదు. కానీ తిట్టు స్థానంలో తాము ఎంచుకున్న పేరు ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది.

ఆయనకు ఇల్లు వేరు, ఉద్యమం వేరు కాదు. 1913లోనే బుద్ధ జయంతి జరిపిన ఆయన కొడుక్కి గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు. తండ్రి జీవితచరిత్రను ఆ కొడుకే రాసి మనకు అందించారు. 1939లో, యాభై ఏళ్లు దాటిన కొద్ది కాలానికే, భాగ్యరెడ్డివర్మ కన్నుమూశారు.

వరదొచ్చినా, మహమ్మారి వచ్చినా పారిశుద్ధ్య కార్మికులుగా ముందు నిలబడుతున్నది ఇప్పటికీ ఎక్కువగా మనవాళ్లే. వాళ్లకు చప్పట్లు కొట్టి, దండలు వేసి పంపేస్తున్నారు. వాళ్లకు కావలసింది పర్మినెంట్ ఉద్యోగం, చేతికి గ్లౌజులు, కుటుంబానికి భద్రత. భాగ్యరెడ్డివర్మ వారసత్వమంటే ఆ సేవను పొగడటంతో ఆగిపోవడం కాదు, ఆ సేవ చేసేవాళ్ల హక్కుల కోసం నిలబడటం.