నూనె డబ్బా పట్టుకున్న ఇంజనీరు

మూడో సంవత్సరం వేసవి సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఆరు వారాలు పనిచేశాను. సర్టిఫికెట్‌లో ఇంటర్న్‌షిప్ అనే ఉంటుంది గానీ, మొదటి రోజు మేస్త్రి నా చేతికిచ్చింది ఒక వేస్టు గుడ్డ, ఒక గరాటు. వచ్చిన ప్రతి బండికీ ఆయిల్ చూడటం, తక్కువుంటే పోయటం. అంతే పని. థర్మల్‌లో తొమ్మిది పాయింట్లు తెచ్చుకున్నవాణ్ణి కదా, నాలుగో రోజే ఇంటికెళ్లి మానేస్తానని అమ్మతో చెప్పేశాను.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్లో లూబ్రికేషన్ గురించి చదువుతుంటే ఎలైజా మెకాయ్ పేరు కనిపించింది. మన సిలబస్‌లో ఎక్కడా రాదు. అమెరికాలో మాత్రం పిల్లల పుస్తకాల్లో కూడా ఉన్న పేరు.

ఆయన 1844లో కెనడాలోని ఒంటారియోలో, కోల్‌చెస్టర్ అనే ఊళ్లో పుట్టారు (1843 అని రాసినవాళ్లూ ఉన్నారు). అమ్మానాన్నలు అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బానిసలుగా ఉండి, రహస్యంగా సాయం చేసేవాళ్ల అండతో సరిహద్దు దాటి పారిపోయి వచ్చినవాళ్లు. కొడుక్కి యంత్రాలంటే ఇష్టమని గమనించి, పదిహేనేళ్ల వయసులో ఓడెక్కించి స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోకి పంపారు. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. మా నాన్న నన్ను హాస్టల్లో చేర్చటానికి ఎంత ఆలోచించారో నాకు తెలుసు. తమ సొంత ఒంటి మీదే హక్కు లేకుండా బతికిన ఇద్దరు మనుషులు, పిల్లాణ్ణి సముద్రం దాటించి మెకానికల్ ఇంజనీరింగ్ చదివించారు.

శిక్షణ పూర్తిచేసి ఇంజనీరుగా తిరిగొచ్చేసరికి అమెరికాలో అంతర్యుద్ధం అయిపోయింది. కుటుంబం అప్పటికి మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటీ అనే ఊళ్లో ఉంది. ఉద్యోగం కోసం మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్‌కి వెళ్లారు. నల్లజాతి మనిషికి ఇంజనీరు పని ఇవ్వలేదు. ఫైర్‌మాన్‌గా తీసుకున్నారు. అంటే బాయిలర్‌లోకి బొగ్గు ఎత్తి పోయాలి, ఇంజన్‌కి నూనె పెట్టాలి.

మన ప్లేస్‌మెంట్ బాధల్ని ఆయన బాధతో పోల్చటం తప్పే. కోర్ కంపెనీ రాలేదని కుమిలిపోవటం వేరు, ఒంటి రంగు చూసి తలుపు వేసెయ్యటం వేరు. అయినా చేతిలో గరాటు పట్టుకుని ఉన్నవాణ్ణి, పోల్చుకోకుండా ఉండలేకపోయాను.

ఆ రోజుల్లో నూనె పెట్టటమంటే ఏమిటో కొంచెం చెప్పాలి. స్టీమ్ ఇంజన్‌లో పిస్టన్, వాల్వ్ ఆవిరి ఒత్తిడి మధ్య కదులుతుంటాయి. లోపల ఒత్తిడి ఉండగా బయట నుంచి నూనె పొయ్యలేం, ఎదురు తంతుంది. కాబట్టి బండి ఆగాలి, లేకపోతే ఆవిరి కట్టెయ్యాలి. స్టేషన్లో బండి ఆగగానే నూనె డబ్బాతో దిగి చుట్టూ తిరిగి కీలు కీలుకీ పోసేవాళ్లు. ఒక్కోసారి డ్రైవరు ఆవిరి కట్టేస్తే, బండి నడుస్తుండగానే ఫైర్‌మాన్ ఇంజన్ పక్కనున్న సన్నటి పలక మీద పాకుతూ ముందుకెళ్లి పోసి రావాలి. తక్కువ పోస్తే లోహం లోహాన్ని గీస్తుంది. ఎక్కువ పోస్తే నూనె వృథా, మసి. ఎంత పొయ్యాలి, ఎప్పుడు పొయ్యాలి అన్నది మనిషి అంచనా మీదే ఆధారపడి ఉండేది.

ఆ అంచనా ఎంత ఘోరంగా తప్పొచ్చో రెండో వారంలో నాకు తెలిసొచ్చింది. ఒక డాక్టరుగారు తన పాత ఎమ్‌జీ తెచ్చారు. రెండు సీట్లు, పైకప్పు మడిచేసే స్పోర్ట్స్ కారు, మా నాన్న కంటే పెద్దది. ఇంజన్ అప్పుడే ఆపారు, బండి ముందు చక్రాలు షెడ్డు ర్యాంపు మీద ఉన్నాయి. నేను డిప్‌స్టిక్ లాగి చూస్తే నూనె కింది గీతకి కూడా అందలేదు. తుడిచి రెండోసారి ముంచి చూడాలనే ఆలోచన కూడా లేకుండా డబ్బా విప్పి లీటరు పైనే పోసేశాను. నిజానికి నూనె చాలావరకు ఇంకా పైన హెడ్‌లోనే ఉంది, చాంబర్‌లోకి దిగలేదు. దిగింది కూడా ర్యాంపు వాలు వల్ల వెనక్కి చేరింది. డాక్టరుగారు ఒక రౌండ్ వేసి వచ్చేసరికి సైలెన్సర్ నుంచి నీలం పొగ, క్రాంక్ వెనక వైపు నుంచి నూనె చుక్కలు. మట్టం మరీ పెరిగితే తిరిగే క్రాంక్ నూనెని చిలికేస్తుంది. నురగ వచ్చిన నూనెని పంపు సరిగ్గా తోడలేదు, బేరింగులకి కావలసిన ప్రెషర్ అందదు. పుస్తకంలో ఇదంతా చదివాను. పోసేటప్పుడు మాత్రం గుర్తురాలేదు.

మేస్త్రి తిట్టలేదు, అదే ఎక్కువ సిగ్గేసింది. బండిని సమతలం మీదకి తోయించి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి ముంచి నాకే చూపించారు. పై గీత దాటి వేలెడు ఉంది. డ్రెయిన్ బోల్టు వదులు చేసి కొంచెం కొంచెంగా తీయించారు. ప్రతిసారీ తుడవటం, ముంచటం, చూడటం. ఆ పూటంతా నాకదే పని.

మెకాయ్ ఇప్సిలాంటీలో ఇంటి దగ్గర చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని, ఉద్యోగం అయ్యాక అందులో పనిచేసేవారు. 1872 జూలైలో మొదటి పేటెంటు వచ్చింది, నంబరు 1,29,843. సిలిండర్‌కి ఒక నూనె గిన్నె తగిలించారు. ఇంజన్‌లోని ఆవిరి ఒత్తిడే దాని వాల్వ్‌ని కదిలించి, బండి నడుస్తుండగానే కొద్దికొద్దిగా నూనె లోపలికి వదులుతుంది. ఏ ఒత్తిడి నూనెని అడ్డుకుంటోందో దానిచేతే నూనె పోయించారన్నమాట. నాకైతే ఆ ఒక్క ఆలోచన కోసమే ఆయన్ని గుర్తుపెట్టుకోవాలనిపిస్తుంది. ఇలాంటి ప్రయత్నం ఆయనే మొదట చేశారనటం మాత్రం సరికాదు. 1860లోనే ఇంగ్లండ్‌లో జాన్ రామ్స్‌బాటమ్ ఒక రకం లూబ్రికేటర్ చేశారు. మెకాయ్ గొప్పతనం అక్కడితో ఆగకపోవటంలో ఉంది. జీవితమంతా అదే సమస్యని పట్టుకుని, చిన్న చిన్న మార్పులు చేస్తూ 57 పేటెంట్లు సంపాదించారు. ఎక్కువ భాగం లూబ్రికేటర్లే. మధ్యలో ఒక ఇస్త్రీ బల్ల, పచ్చికకి నీళ్లు చల్లే పరికరం కూడా ఉన్నాయి!

డబ్బు మాత్రం పెద్దగా చూడలేదు. తర్వాతి ప్రయోగానికి పెట్టుబడి కోసం పేటెంట్ హక్కులు అమ్ముకునేవారు, కాబట్టి తయారైన వస్తువు మీద ఆయన పేరుండేది కాదు. అసలైన సరుకుని అమెరికాలో రియల్ మెకాయ్ అంటారు, అది ఈయన లూబ్రికేటర్ వల్లే పుట్టిందని ఒక కథ ఉంది. వినటానికి బాగుంటుంది గానీ, ఆ మాటకి దగ్గరి రూపం 1856లోనే స్కాట్లండ్‌లో అచ్చయింది. అప్పటికి ఈయన ఇంకా చిన్నపిల్లాడు.

డెబ్బై దాటాక కూడా కొత్త సమస్య ఎత్తుకున్నారు. అప్పటికి సూపర్‌హీటెడ్ ఆవిరి ఇంజన్లు వచ్చాయి. ఆ వేడికి మామూలు నూనె మాడిపోతుంది. నూనెలో గ్రాఫైట్ పొడి కలిపితే పనిచేస్తుంది గానీ, పొడి గొట్టాల్లో అడ్డుపడుతుంది. అడ్డుపడకుండా పంపే లూబ్రికేటర్ చేశారు. 1920లో, 76 ఏళ్ల వయసులో, డెట్రాయిట్‌లో సొంత పేరుతో కంపెనీ పెట్టారు. రెండేళ్లకి కారు ప్రమాదం. భార్య మేరీ ఆ దెబ్బల నుంచి కోలుకోలేదు, ఆయన ఆరోగ్యమూ తిరిగి నిలబడలేదు. చివరికి ఎలోయిజ్ అనే వైద్యశాలలో 1929 అక్టోబరు 10న పోయారు. 2012లో అమెరికా ప్రభుత్వం డెట్రాయిట్‌లో పేటెంట్ ఆఫీసు శాఖ తెరిచి, దానికి ఆయన పేరు పెట్టింది.

నేను షెడ్డు మానలేదు. ఆరో వారంలో డాక్టరుగారి ఎమ్‌జీ మళ్లీ వచ్చింది, ఆయిల్ మార్చటానికి. పాత ఇంజన్ కాబట్టి పల్చటి కొత్త రకం కాకుండా ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ మినరల్ ఆయిల్ తెచ్చిపెట్టారు. నేను కొలిచి కొంచెం తక్కువే పోశాను, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపాను. ఫిల్టర్ నిండింది, మట్టం కాస్త దిగింది. పావు లీటరు పోసి, ఆగి, తుడిచి ముంచాను. పై గీతకి కొంచెం కింద ఆగింది. ఇంకొంచెం పొయ్యమంటారా అన్నట్టు మేస్త్రి వైపు చూశాను. ఆయన అప్పటికే మూత తెచ్చి బిగించేస్తున్నారు.